మడిచి వెళ్ళినవాడి కుర్చీ

పోయిన వారం ఇజలీన్‌ని డైనింగ్ హాలు గుమ్మంలో, చేతికి బ్రెడ్డు బుట్టనిచ్చి నిలబెట్టి, మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. ఎదురుగా, సరస్సు వైపు కిటికీ పక్కన, ఎవరూ కూర్చోని బల్ల మీద రొట్టె తుంచి ఉంది. గ్లాసులో తెల్ల వైను సగానికి దిగింది. పొద్దుటినుంచి ఆ బల్ల దగ్గరికి ఒక్క మనిషి వెళ్ళలేదని ఆమెకి బాగా తెలుసు. రొట్టే వైనూ పెట్టింది ఆమే, పెట్టి హాలు తలుపులకి తాళం వేసిందీ ఆమే.

ఆ బల్ల ఎవరిదో మరిచిపోయినవాళ్ళకి ఒక మాట. జెనీవాలో సరస్సు ఒడ్డునున్న మూడు హంసల హోటల్ యజమాని తెయొదుల్ రోషాది అది. మూడేళ్ళ క్రితం, ఇలాంటి పొగమంచు రోజుల్లోనే, ఆయన మధ్యాహ్నం భోంచేసి లేచి వెళ్ళాడు. హోటల్ పడవ నీళ్ళ మధ్య ఖాళీగా దొరికింది, ఆయన దొరకలేదు. ఆయన్ని చంపాడని ఇజలీన్ తండ్రి ఏమొన్ దుపెరేని జైల్లో పెట్టారు. కుర్రతనం నుంచి జుట్టు నెరిసేదాకా ఆ హాల్లోనే పనిచేసి, వడ్డించేవాళ్ళందరికీ పెద్దగా ఎదిగిన మనిషి ఏమొన్. ఇప్పుడా పెద్దరికం కూతురిది. హంతకుడి కూతురని వెనకాల గొణుక్కునే పెద్దమనుషులే ఆమె వడ్డిస్తే లొట్టలేసుకుంటూ తింటున్నారు. వాళ్ళ సిగ్గు సంగతి మనకెందుకు.

మూడు హంసల్లో ఒక పాత ఆచారం ఉంది. నెలల తరబడి ఉండే అతిథులకీ యజమానికీ ఎవరి నాప్కిన్ వాళ్ళది. ఎర్రదారంతో పేరులో మొదటి అక్షరం కుట్టి, చిన్న గుడ్డసంచీలో పెట్టి, కంచం పక్కన ఉంచుతారు. తిన్నాక దాన్ని మడిచి సంచీలో పెట్టి లేస్తే, మళ్ళీ పూటకి వస్తానని. నలిపి బల్ల మీద వదిలేస్తే, సెలవు, ఇక రానని. మడిచి వెళ్ళినవాడి కుర్చీ తియ్యకూడదు. తెయొదుల్ రోషా మాయమైన రోజున ఆయన నాప్కిన్ సంచీలో శుభ్రంగా మడిచి ఉంది. అందుకే మూడేళ్ళుగా పూటపూటా ఆయన బల్ల వేస్తూనే ఉన్నారు.

ఆ శుభ్రమైన నాప్కినే ఏమొన్ కొంప ముంచింది. ఆ రోజు యజమాని చీజ్ కోసుకుంటూ అరచెయ్యి తెగ్గోసుకున్నాడనీ, ఒళ్ళో ఉన్న నాప్కిన్ పెట్టి అదుముకున్నాడనీ, తను మందులపెట్టె తెచ్చేలోపల మనిషి లేడనీ కోర్టులో ఏమొన్ చెప్పాడు. తన చొక్కా మణికట్టు మీద రక్తం అలా అంటిందన్నాడు. మరి నాప్కిన్ మీద ఒక్క చుక్క కూడా లేదేమయ్యా అన్నారు కోర్టువాళ్ళు. ఆ పొద్దున ఆయన సూప్ విషయంలో యజమానితో గట్టిగా గొడవపడటం అందరూ చూశారు కూడా.

నెత్తురంటిన గుడ్డ ఒకటి ఉండి తీరాలని ఇజలీన్ నమ్మకం. మూడేళ్ళుగా బీరువాల అడుగునా పడవల షెడ్డులోనూ వెతుకుతూనే ఉంది. రేపు ఆ వెతుకులాట కూడా ఆఖరు. రేపు ఉదయం కోర్టువారు తెయొదుల్ రోషా చనిపోయినట్టు ప్రకటిస్తారు. ఆయన భార్య కొర్నేలియా వెంటనే హోటల్ అమ్మేస్తుంది. కొన్నవాళ్ళు లోపలున్నదంతా పీకి పారేస్తారు. నాన్న మాట నిజమని చూపించగల చోటంటూ మిగిలితే అది ఈ గోడల మధ్యే. అదీ పోతుంది.

"ఏంటి తల్లీ, బుట్ట పట్టుకుని బొమ్మలా నిలబడ్డావు?" వెనకనుంచి వంటాయన ఫిర్మిన్ గొంతు. "పెద్దాయన దిగాడా ఏంటి? దిగితే అడుగు, ఆ రోజు సాస్‌లో ఉప్పెక్కువైందని నన్ను తిట్టి పోయాడు. ఇప్పటికైనా సరిపోయిందో లేదో."

ఇజలీన్ వేలితో చూపించింది. ఫిర్మిన్ చూశాడు. పెద్ద పొట్ట మీద చేతులు తుడుచుకుంటున్నవాడు తుడుచుకోవడం ఆపేశాడు.

"ఎలకలేమో," అన్నాడు.

"ఎలకలు వైను తాగుతాయా?"

"మన ఎలకలు తాగుతాయి. మంచి ఇంట్లో పెరిగిన ప్రాణాలు." అన్నాడే గాని నవ్వలేదు. "కొత్తది పెట్టేసెయ్యి. జనం వచ్చే వేళైంది. ఎవరికీ చెప్పకు, చెప్తే ఒక్కరు రారు. రేపొక్క రోజు గడిస్తే మనకీ సెలవే."

ఇజలీన్ కొత్త రొట్టె పెట్టింది, గ్లాసు మార్చింది. గుడ్డసంచీ సర్దుతూ లోపలికి రెండు వేళ్ళు పోనిచ్చి చూసింది. ఇస్త్రీ చేసిన నాప్కిన్ పొడిగా, గరగరలాడుతూ తగిలింది. ఈ సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఆ రోజు పొగమంచు కిటికీలకి పాలు పోసినట్టు పట్టేసింది. సరస్సు లేదు, అవతలి ఒడ్డు లేదు, ఆకాశమంత ఎత్తుకి ఎగిరే ఫౌంటెన్ ఎగురుతోందో లేదో తెలియదు. ఎక్కడో ఒక పడవ హారన్ మోగిస్తూ దారి వెతుక్కుంటోంది. హాల్లో నాలుగు బల్లల దగ్గరే మనుషులున్నారు. ఎందుకో అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

మూడో అంతస్తులో ఏళ్ళ తరబడి కాపురముంటున్న పెర్నెత్ బోసి చేతికర్ర టకటకలాడించుకుంటూ దిగింది. తొంభైకి దగ్గర పడ్డ ముసలావిడ. కళ్ళు మందగించాయి గాని నోరు మందగించలేదు. రోజూలాగే తన బల్లకి వెళ్తూ ఖాళీ కుర్చీకి తల వంచి, "బాగున్నావా తెయొదుల్," అంది. ఇవాళ మాత్రం అక్కడే ఒక్క క్షణం ఆగిపోయింది.

"ఇజలీన్, ఈయన కోటు ఎవరైనా పొయ్యి దగ్గర ఆరేస్తే బాగుణ్ణు. తడి వాసన కొడుతోంది."

"ఎవరూ లేరు మదాం పెర్నెత్."

"నాకు తెలుసులే, నాకేం మతి పోలేదు. వాసన గురించి చెప్తున్నా." కూర్చుని నాప్కిన్ ఒళ్ళో పరుచుకుంది. "మీ నాన్నని చూసొచ్చావా?"

"మంగళవారం వెళ్ళాను."

"ఎలా ఉన్నాడు?"

"దగ్గుతున్నారు. మనిషి సగమయ్యారు. డాక్టరు చూశాడట, ఏం లేదన్నాడట." ఇజలీన్ బుట్టలోంచి రొట్టె తీసి ఆవిడ కంచం పక్కన పెట్టింది. "అక్కడ కాగితం నాప్కిన్లు ఇస్తారు మదాం. తిన్నాక రోజూ నలిపి ఉండ చేసి పడేస్తున్నారట. ఇక్కడ మాత్రం మడవనమ్మా, ఇక్కడికి మళ్ళీ రావాలని లేదు అన్నారు."

పెర్నెత్ చిన్నగా నవ్వింది. ఆ నవ్వులో తడి ఉంది. "ఇంట్లో మాత్రం కుందేలు చెవి తీసేవాడు కదూ?"

తీసేవాడు. ఇజలీన్ చిన్నప్పుడు, ఇంట్లో భోజనం అయిపోగానే, ఏమొన్ తన నాప్కిన్‌ని మూడు మడతలు పెట్టి, ఒక మూలని పైకి లాగి, కుందేలు చెవిలా నిలబెట్టేవాడు. కూతురు నవ్వాలని. ఆ మడత ఎలా పెడతాడో అడిగితే, నీ పెళ్ళికి నేర్పుతా అనేవాడు. పెళ్ళి కాలేదు, మడత నేర్పలేదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆమె చేతిలో చెవి వాలిపోయేది.

అప్పుడు కొర్నేలియా రోషా వచ్చింది.

జ్యూరిక్‌లో పుట్టి పెరిగిన మనిషి. పెళ్ళై ఈ హోటల్‌కి వచ్చి ఇరవయ్యేళ్ళు దాటినా ఈ నీళ్ళు ఒంటికి పట్టలేదు. నల్ల గౌను, మెడలో ఒకే పేట ముత్యాలు. మొగుడి బల్లకేసి ఎప్పుడూ చూడని మనిషి ఇవాళ తిన్నగా అక్కడికే వెళ్ళి నిలబడింది.

"ఇజలీన్, ఈ బల్ల తీసేయించు."

"రేపటిదాకా ఉంచుదాం మదాం."

"రేపు కోర్టువాళ్ళు ఆయన పోయాడని ఎలాగూ చెప్తారు. ఒక పూట ముందు తీస్తే ఆయనేం అలగడు."

"మడిచి వెళ్ళారు కదా మదాం."

"మడిచి, మడిచి! ఈ మాట విని విని చెవులు చిల్లులు పడ్డాయి నాకు." కొర్నేలియా గొంతు పెరిగింది. పక్క బల్లలవాళ్ళు చెంచాలు దించారు. "మూడేళ్ళుగా నా కళ్ళెదుట ఆయనకి రొట్టె పెడుతున్నారు, వైను పోస్తున్నారు. ఇది హోటలా, సమాధా? మా జ్యూరిక్‌లో ఎవరైనా వింటే నవ్విపోతారు."

"నవ్వనీ," అంది పెర్నెత్ తన బల్ల దగ్గర్నుంచి. "నవ్వితే వాళ్ళ ఆరోగ్యానికి మంచిది."

"మీరు ఊరుకోండి పెర్నెత్."

"ఇంతకాలం ఊరుకునే ఉన్నానమ్మా."

కొర్నేలియా ముఖం కందగడ్డ అయింది. కుర్చీ వెనక్కి లాగబోయింది. లాగనవసరం లేకుండా అది అప్పటికే మనిషి పట్టేంత వెనక్కి జరిగి ఉంది. తను బల్ల సర్దినప్పుడు కుర్చీని లోపలికే నెట్టానని ఇజలీన్‌కి గుర్తొచ్చింది.

"ఖాళీగా ఉంచకూడదు, అంతే కదా మీ బాధ? సరే. నేనే కూర్చుంటాను. నేనే తింటాను. తిని ఈ నాప్కిన్ నలిపి మీ అందరి ముందూ పారేస్తాను. ఆయన తరఫున నేనే సెలవు చెప్తాను. అప్పుడైనా వదులుతుందా మీ చాదస్తం?"

"ఆ పని చెయ్యకు కొర్నేలియా," అంది పెర్నెత్. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

కొర్నేలియా కూర్చుంది. కూర్చుని సగం లేచి, గౌను వెనక తడుముకుంది.

"ఏంటిది, కుర్చీ తడిగా ఉంది! ఇదేనా మీ మర్యాద?" మళ్ళీ కూర్చుంది. మంకుపట్టు మనిషి కదా, లేస్తే ఓడిపోయినట్టు. "పెర్ష్ చేపలు తీసుకురా. నిమ్మకాయతో. వెన్న వద్దు."

పెర్ష్ చేపలు నిమ్మకాయతో, వెన్న లేకుండా. అది తెయొదుల్ రోజూ తినే తిండి. కొర్నేలియా ఏనాడూ చేప ముట్టేది కాదు, నీచు వాసన అనేది. ఆమె ముఖంలో కూడా ఒక క్షణం ఆశ్చర్యం కనిపించింది, తన నోటివెంట వచ్చిన మాట తనకే కొత్తగా ఉన్నట్టు.

వంటగది కిటికీలోంచి ఫిర్మిన్ అంతా విన్నాడు. మామూలుగా అయితే ఏదో ఒకటి అనేవాడు. ఏమీ అనకుండా చేపలు నూనెలో వేశాడు.

ఇజలీన్ కంచం తెచ్చి పెట్టింది. అతిథి నాప్కిన్ తీసి ఒళ్ళో పరుచుకునేదాకా వడ్డించేవాళ్ళు పక్కనే నిలబడాలి. నిలబడింది. నాన్న నేర్పిన పద్ధతి అది, శత్రువు కూర్చున్నా అదే పద్ధతి. కొర్నేలియా ఎడమచేత్తో గుడ్డసంచీ పట్టుకుని, కుడిచెయ్యి లోపల పెట్టింది.

పెట్టిన చెయ్యి బయటికి రాలేదు. లోపల దేన్నో పట్టుకుని ఆగిపోయింది. తరవాత నెమ్మదిగా లాగింది. తెల్లటి బల్లగుడ్డ మీద నీళ్ళు బొట్లు బొట్లుగా, ఆ తరవాత ధారగా కారాయి. సరస్సు అడుగు వాసన హాలంతా కమ్మేసింది. బురద, నాచు, ఏళ్ళుగా ఎండ తగలని నీటి వాసన.

బయటికి వచ్చింది నాప్కినే. కానీ మడిచి లేదు. పొడవుగా మెలిపెట్టి, కొసలు రెండూ కలిపి గట్టిగా ముడి వేసి ఉంది. అరచేతికి చుట్టి కట్టిన కట్టు, చెయ్యి జారిపోయి, వట్టి కట్టే మిగిలినట్టుగా ఉంది. అంచున ఎర్రదారంతో కుట్టిన అక్షరం తెయొదుల్‌ది. ముడికి గోరంత ఆల్చిప్పలు అతుక్కుని ఉన్నాయి. మధ్యలో పెద్ద మరక, తుప్పు రంగులో.

మూడేళ్ళుగా ఇజలీన్ వెతుకుతున్నది ఇదే. ఎక్కడినుంచి వచ్చిందో, ఎలా వచ్చిందో ఆ క్షణంలో ఆమెకి పట్టలేదు. నాన్న అబద్ధం చెప్పలేదు, అంతే తోచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కొర్నేలియా దాన్ని బల్ల మీద పడేసి చెయ్యి గౌనుకేసి రుద్దుకుంటోంది.

"నువ్వే పెట్టావు," అంది. గొంతు పీలగా, తనది కానట్టు ఉంది. "ఎక్కడ దొరికింది నీకు? ఎవరు తీశారు? నీళ్ళలోకి ఎవరు దిగారు?"

"నేను పెట్టలేదు మదాం. ఇందాక నేను చూసినప్పుడు పొడిదే ఉంది."

"అబద్ధం! ఇది ఇక్కడికి ఎలా వస్తుంది? ఆ ముడి ఎవరూ విప్పలేదు. అదే ముడి. మా అమ్మ యాప్రాన్‌కి వేసే ముడి. ఆయన చేతికి నేను వేసిన ముడి..."

మాట మధ్యలో ఆగింది. ఆగడం ఆలస్యమైంది. హాల్లో ఎవరి చేతిలోదో ఫోర్కు జారి కంచం మీద పడింది. ఆ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. సరస్సు మీద హారన్ కూడా ఆగిపోయింది.

"ఏ రోజున వేశావమ్మా ముడి?" అడిగింది పెర్నెత్, పిల్లల్ని అడిగినంత మెల్లగా. "ఆ రోజు నువ్వు జ్యూరిక్‌లో మీ అక్క ఇంట్లో ఉన్నావు కదా. కోర్టులో ప్రమాణం చేసి మరీ చెప్పావు."

ఇజలీన్ బల్లకి అటువైపు వెళ్ళి, కొర్నేలియాకి ఎదురుగా నిలబడింది. వడ్డించేవాళ్ళు అతిథికి ఎదురుగా నిలబడకూడదు. ఆ పద్ధతి అప్పుడు ఆమెకి గుర్తు రాలేదు.

"మా నాన్న మందులపెట్టె కోసం వెళ్ళినప్పుడు వచ్చారా మీరు?"

కొర్నేలియా చెయ్యి మళ్ళీ గౌనుకేసి రుద్దుకుంది.

"చెప్పండి మదాం. మూడేళ్ళు అయింది. ఆయన దగ్గి దగ్గి చచ్చిపోతున్నారు అక్కడ. ఆ గుడ్డ ఒక్కటి దొరికితే చాలని నేను పడవల షెడ్డులో మోకాళ్ళమీద పాకి వెతుకుతుంటే మీరు పైన కిటికీలోంచి చూశారు. నేనెరుగుదును. చూసి పరదా వేసుకున్నారు."

"నేను తొయ్యలేదు," అంది కొర్నేలియా ఉన్నట్టుండి. చూపు ఇజలీన్ మీద లేదు. పొగమంచు కిటికీ మీద ఉంది. "అనుకున్నదానికంటే ముందు రైలే దొరికింది, వచ్చేశాను. సరస్సు వైపు తలుపులోంచి వచ్చాను. మీరంతా వంటగదిలో తింటున్నారు. ఈయనొక్కడే ఇక్కడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. కట్టు కట్టాను. పడవలో కాసేపు మాట్లాడుకుందాం రమ్మన్నాను, ఇక్కడ గోడలకి కూడా చెవులే కదా. హోటల్ అమ్మేద్దాం, నన్ను మా ఊరు పంపించెయ్యి అన్నాను. నవ్వాడు. కట్టులోంచి రక్తం కారుతోందని వంగి చెయ్యి నీళ్ళలో ముంచాడు. పడవ ఒరిగింది. నేను తొయ్యలేదు. చెయ్యి చాచాడు, కట్టు ఉన్న చెయ్యే." ఆగింది. "నేను పట్టుకోలేదు, అంతే."

పొగమంచులో వాళ్ళని చూసినవాళ్ళు లేరు. పడవల రేవు పక్క మెట్ల దగ్గర దిగి, పడవని నీళ్ళలోకి నెట్టేసి, మళ్ళీ స్టేషన్‌కి నడిచి వెళ్ళిపోయిందిట. ఇదంతా ఆమె వంటవాడికి కూరగాయలు చెప్తున్నంత చప్పగా చెప్పుకుపోయింది.

"మరి సంచీలో నాప్కిన్?" అంది ఇజలీన్. "మడిచి ఉన్నది?"

"స్టేషన్‌కి వెళ్ళేముందు మళ్ళీ హాల్లోకి వచ్చాను. ఖాళీ సంచీ కనిపించింది. నాప్కిన్ ఏదని మీ నాన్న అడుగుతాడు, ఆయనకి పాముకళ్ళు. బీరువాలో మా ఆయన జతది ఇంకోటి ఉంటే తీసి పెట్టాను." చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు తలెత్తింది. "చక్కగా మడిచి పెట్టాను."

పెర్నెత్ కర్ర ఊతంతో లేచి నిలబడింది.

"మడిచి పెట్టావా! ఎంత పని చేశావే కొర్నేలియా. ఇరవయ్యేళ్ళు ఈ ఇంట్లో తిన్నావు, ఇంత చిన్న సంగతి తెలుసుకోలేదు. నలిపి పడేసి ఉంటే ఆయన ఆ రోజే వెళ్ళిపోయేవాడు. కుర్చీ తీసేసేవాళ్ళం. నీ చేత్తో నువ్వే మడిచి, మళ్ళీ రా అని పిలిచావు. మేం మూడేళ్ళు కుర్చీ వేశాం. ఆయన వచ్చాడు."

కొర్నేలియా అప్పుడు తను కూర్చున్న కుర్చీ వంక చూసుకుంది. లేవబోయింది. లేవలేకపోయింది. గౌను అంచు ఏదో పట్టుకున్నట్టు బిగిసింది. ఫిర్మిన్ వంటగదిలోంచి వచ్చి, ఆమె మోచెయ్యి పట్టుకుని ఒక్క ఊపున లేపాడు. కుర్చీ కాలు కింద ఇరుక్కున్న గుడ్డ పర్రుమని చిరిగింది. కుర్చీ కాలు కిందే ఇరుక్కుంది, ఇంకేం కాదు అని ఫిర్మిన్ తరవాత చాలామందికి చెప్పాడు. అడగనివాళ్ళకి కూడా చెప్పాడు.

"పోలీసుల్ని పిలిచాను," అన్నాడు. "మీరు ఆఫీసు గదిలో కూర్చోండి మదాం. నేను తోడుంటా. పారిపోదామనుకోకండి, బయట చెయ్యి చాస్తే చెయ్యి కనిపించడం లేదు."

ఆమె పారిపోదామనుకోలేదు. ఆ గుడ్డ ఉన్న గదిలోంచి బయటపడితే చాలన్నట్టు అతని వెంట నడిచింది. మాటలన్నీ విన్న రెండు బల్లల అతిథులు, ఊళ్ళో దంతవైద్యుడూ ఆయన భార్యా, లోజాన్ నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళూ, పోలీసులకి చెప్తామని తమంతట తామే ముందుకొచ్చారు. హంతకుడి కూతురని గొణిగినవాళ్ళలో ఆ దంతవైద్యుడు మొదటివాడు. ఇప్పుడు ఇజలీన్ చెయ్యి పట్టుకుని, "క్షమించమ్మా," అన్నాడు. ఆమె తల ఊపింది. కోపం తెచ్చుకోడానికి కూడా ఆమెకి అప్పుడు తీరిక లేదు. నాన్న ఇంటికొస్తారు. నాన్న ఇంటికొస్తారు. లోపల అదొక్కటే మోగుతోంది. ఈ వారంలో కాకపోతే వచ్చే నెలలో. గది సర్దాలి. దగ్గుకి మంచి డాక్టరుకి చూపించాలి. నల్లకోటు ఇస్త్రీ చేయించాలి, ఇప్పుడు వదులవుతుంది, కుట్టించాలి. గోడకి ఆనుకుని, ముఖం చేతుల్లో పెట్టుకుని, సిగ్గుపడకుండా ఏడ్చింది.

"ఏడువు, ఏడువు," అంది పెర్నెత్. "ఇప్పుడేడిస్తే ఏం తప్పులేదు."

ఏడుపు తగ్గాక గుర్తొచ్చింది. గుడ్డ. దాన్ని జాగ్రత్త చెయ్యాలి, పోలీసులు వచ్చేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకూడదు. ముఖం తుడుచుకుని బల్ల వైపు తిరిగింది.

బల్లగుడ్డ మీద తడి అలాగే ఉంది. చేపలు చల్లారి బిగుసుకున్నాయి. కానీ ముడివేసిన కట్టు లేదు. నలుగురూ చూస్తుండగా కొర్నేలియా విసిరేసిన చోటే, కంచం పక్కన, నాప్కిన్ మడిచి ఉంది. ముడి విప్పి ఉంది. మూడు మడతలు, అంచుకి అంచు సరిగ్గా. పైన ఒక మూల నిటారుగా నిలబడి ఉంది, కుందేలు చెవిలా.

"ఎవరు?" అంది ఇజలీన్. "ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"ఎవరూ ముట్టుకోలేదు." పెర్నెత్ కుర్చీలో కూలబడింది. "నువ్వు ఏడుస్తుంటే నేను అటే చూస్తున్నాను ఇజలీన్. నాకు కళ్ళు సరిగ్గా కనపడవు, అయినా అంత దగ్గరిది కనపడకపోవడమేంటి? రెప్ప వేశాను. రెప్ప తీసేసరికి అలా ఉంది."

అది తెయొదుల్ రోషా మడత కాదు. ఆయన నాప్కిన్‌ని నాలుగు మడతలు పెట్టి కుక్కేవాడు. ఆ చెవి నిలబెట్టగల చెయ్యి ఈ లోకంలో ఒక్కటే ఉంది. ఆ చెయ్యి ఊరి చివర జైల్లో, ఏనాడూ నాప్కిన్ మడవనని ఒట్టు పెట్టుకుని కూర్చుంది.

రిసెప్షన్‌లో పనిచేసే లూస్ గుమ్మంలోకి వచ్చింది. హాల్లో జరిగినదేదీ ఆ పిల్లకి తెలియదు. ఆమె ముఖం చూస్తే మంచి కబురో చెడ్డ కబురో చెప్పడం కష్టం.

"ఇజలీన్, నీకు ఫోను. జైలు నుంచట. మీ నాన్నగారి గురించి."

"ఏమన్నారు?"

"నాతో చెప్పలేదు. నీతోనే మాట్లాడాలన్నారు. కూర్చోడానికి కుర్చీ ఉందా అని అడిగారు."

మడిచి పెట్టిన నాప్కిన్‌కి ఆ ఇంట్లో అర్థం ఒకటే. మళ్ళీ వస్తానని. వస్తారు, తప్పకుండా వస్తారు, అనుకుంది ఇజలీన్. ఎలా వస్తారో అడగడానికి ఆమెకి ధైర్యం చాలలేదు. చెవి వాలిపోకుండా రెండు చేతులతో నాప్కిన్ ఎత్తుకుంది. ఇందాక నీళ్ళోడుతున్న గుడ్డ ఇప్పుడు పొడిగా ఉంది. తుప్పురంగు మరక అలాగే ఉంది.

ఫోను వైపు నడిచింది. మడత లోపల ఇంకా చేతి వేడి తగ్గలేదు.